ఆగడానికీ సత్తువ కావాలి

పెట్రోలు బండికి ఆగడం ఎవరూ నేర్పక్కర్లేదు. రవ్వ పుట్టించే కరెంటు తీసేస్తే అక్కడికక్కడే చల్లబడుతుంది. డీజిల్ బండి తత్వం వేరు. దాని సిలిండర్లో గాలిని ఇరవయ్యో వంతుకు కుదించి నొక్కితే, ఆ నొక్కుడు వేడికే చిమ్మిన డీజిల్ అంటుకుంటుంది. రవ్వ లేదు, రవ్వకు కరెంటూ అక్కర్లేదు. పాతకాలం డీజిల్ ఇంజను ఒకసారి స్టార్టయిందంటే, బ్యాటరీ ఊడదీసి ఇంటికి పట్టుకుపోయినా ఆడుతూనే ఉంటుంది. ఇక తాళంచెవిని లెక్కచేస్తుందా! ఆపాలంటే లోపలికి పోయే డీజిల్‌నైనా కట్టెయ్యాలి, గాలినైనా కట్టెయ్యాలి. గేరులో పెట్టి, బ్రేకు తొక్కిపట్టి, క్లచ్ వదిలి కుంగదీసే మొరటు పద్ధతి ఒకటుంది గానీ, క్లచ్ ప్లేటు ఉసురు తగులుతుంది.

పాత మహీంద్రా జీపుల్లో, డీజిల్ అంబాసిడర్లలో ఇందుకోసం డాష్‌బోర్డు కింద ఒక నాబు ఉండేది. స్టాపర్ అనేవాళ్లు. పట్టుకుని లాగితే లోపల తీగ పోయి పంపు మీది లివర్‌ను లాగేది. ఇంజను ఒళ్లు విదిలించుకుని ఆగేదాకా చెయ్యి వదలకూడదు. బాగేపల్లి బస్టాండులో జీపు డ్రైవరు ఒక చేత్తో స్టాపర్ లాగుతూ, తల బయటికి పెట్టి చింతామణి, చింతామణి అని కేకేస్తున్న కాలం నా వయసు వాళ్లందరికీ గుర్తే.

కార్లు కొనే షావుకార్లకు ఆ లాగుడు మర్యాదగా తోచలేదేమో. పెట్రోలు కారులాగే తాళంచెవి తిప్పితే ఆగాలన్నారు. 1936లో 260 డి అనే బండితో కార్లలోకి డీజిల్ తెచ్చిన మెర్సిడిస్ వాళ్లు ఆ కోరిక తీర్చిన పద్ధతి, మా బామ్మర్ది పుణ్యమా అని నాకు తెలిసొచ్చింది. చిక్కబళ్లాపురం దగ్గర అతనికి ద్రాక్షతోట ఉంది. ఒక ఏడాది ద్రాక్షకు మంచి ధర పలికింది. ఆ డబ్బుతో ట్రాక్టరు కొంటాడనుకుంటే, బెంగళూరులో ఎవరి షెడ్డులోనో దుమ్ము పట్టిన మెర్సిడిస్ 240 డి తోలుకొచ్చాడు. విదేశీ రాయబారులు వాడి వదిలేసిన కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్ముడయ్యే రోజుల్లో ఇక్కడికి చేరిన బండి అని అతనికి చెప్పారట. 1976 నుంచి పదేళ్లపాటు దాదాపు 27 లక్షలు తయారైన డబ్ల్యు 123 కుటుంబంలోది. కొన్నాళ్లు బాగానే తిరిగింది. తర్వాత మొదలుపెట్టింది పేచీ. తాళంచెవి తీసి, దిగి, తలుపేసి ఇంట్లోకి పోయినా వాకిట్లో ఇంజను ఆడుతూనే ఉండేది.

ఆ కారు ఆగే పద్ధతి వినడానికి వింతగా ఉంటుంది. డీజిల్‌ను కట్టేసేది కరెంటు కాదు, తీగ కాదు. వ్యాక్యూమ్. పెట్రోలు ఇంజనులో గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ రేకు ఉంటుంది కాబట్టి దాని వెనక వ్యాక్యూమ్ ఊరికే దొరుకుతుంది. డీజిల్‌కు ఆ రేకు లేదు. అందుకని ఇంజను ముందు భాగంలో ఒక వ్యాక్యూమ్ పంపు పెట్టారు. ఇంజను తిరిగినంతసేపూ అది సన్నని గొట్టాల్లోంచి గాలి తోడేస్తుంటుంది. తాళంచెవి వెనక ఒక చిన్న వాల్వు. చెవిని ఆఫ్‌కు తిప్పగానే ఆ వాల్వు తెరుచుకుని, గోధుమరంగు గొట్టం గుండా ఇంజెక్షన్ పంపు వెనకున్న డబ్బీకి వ్యాక్యూమ్ అందిస్తుంది. డబ్బీలోని రబ్బరు పొర లోపలికి పోయి, డీజిల్ కొలిచి పంపే కడ్డీని సున్నాకు లాగుతుంది. ఇంజనుకు తిండి ఆగిపోతుంది.

లాగుతుంది అన్నాను గానీ, వ్యాక్యూమ్ దేన్నీ లాగలేదు. శూన్యానికి బలమెక్కడిది? పొరకు ఒక పక్క గాలి లేకపోతే, రెండో పక్కనున్న బయటి గాలి దాన్ని తోస్తుంది. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువు చొప్పున మనందరి మీదా కూర్చున్న గాలే అది. పదిహేడో శతాబ్దంలో జర్మనీలో ఒట్టో ఫాన్ గెరికె అనే ఆయన రెండు రాగి అరగోళాలు మూతి మూతి కలిపి, లోపలి గాలి తోడేసి, రెండు పక్కలా గుర్రాలు కట్టి లాగించినా అవి విడిపోలేదు. ఈ పాఠం నేను సర్వీసంతా కన్నడంలో చెప్పాను, అర్థం కాని పిల్లల్ని తెలుగులో కసురుకున్నాను. పిల్లలు రెండూ భరించారు. కానీ అదే గాలి ఒక కారును ఆపుతుందని నా పాఠంలో ఎక్కడా లేదు.

చింతామణిలో ట్రాక్స్ బండ్లు బాగుచేసే ఒక మేస్త్రి ఉన్నాడు. బెంజి కారంటే భయపడతాడేమో అనుకున్నాం. బానెట్ ఎత్తి చూసి, పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు. కారణం ఉంది. బజాజ్ టెంపో కంపెనీ మెర్సిడిస్ దగ్గర లైసెన్సు తీసుకుని మన దేశంలో చేసిన ఇంజను ఈ కారులోని ఓఎం 616 వంశమే. మన రోడ్ల మీద పది మందికి సరిపోయే చోట ఇరవై మందిని మోసిన టెంపో ట్రాక్స్‌కూ, రాయబారిని మోసిన ఈ కారుకూ గుండె ఒకటే. ఇంజెక్షన్ పంపు సంగతి కూడా ఈ ప్రాంతం మేస్త్రీలకు కొత్త కాదు. 1951లో పెట్టిన మైకో కంపెనీ బెంగళూరు ఆడుగోడిలోనే కదా అవి చేసింది. ఇప్పుడు బాష్ అన్నా, మేస్త్రీల నోట అది ఇంకా మైకో పంపే.

"ముందు ఎర్ర లివర్ నొక్కి చూస్తాం సార్" అన్నాడు. బానెట్ కింద ఇంజను మీద స్టాప్ అని రాసిన చిన్న లివర్ ఉంది. నొక్కగానే ఇంజను ఆగింది. అంటే పంపులో కడ్డీ బిగుసుకుపోలేదు. తర్వాత డబ్బీ దగ్గర గోధుమరంగు గొట్టం ఊడబెరికి, దాని మూతి వేలితో తుడిచి వెలుగులో చూశాడు. అక్కడ ఇంజనాయిలు కనబడితే లోపలి పొర చిరిగిందని అర్థమట. అట్లా చిరిగితే ఆయిలు గొట్టం పట్టుకుని తాళంచెవి వాల్వు దాకా పాకి, దాన్నీ పాడు చేస్తుంది. పొడిగా ఉంది. చేతిపంపు లేదు కాబట్టి డబ్బీకి ఇంకో గొట్టం తగిలించి, నోటితో పీల్చి నాలుక అడ్డం పెట్టాడు. నాలుకను పట్టుకునే ఉంది, సడలలేదు. డబ్బీ బాగుంది. ఇంజను స్టార్టు చేయించి ఆ గొట్టాన్ని నేరుగా వ్యాక్యూమ్ లైనుకు కలిపితే టక్కున ఆగింది. ఇక తేడా ఉన్నది దారిలో.

ఇక్కడ మేస్త్రి వ్యాక్యూమ్ కొలిచే గేజీ తీశాడు. ముల్లు ఇరవై మూడు అంగుళాల దగ్గర నిలబడింది. ఇరవై ఐదైనా ఉండాలని ఎవరో చెప్పారని మా బామ్మర్ది మొహం వేలాడేసి, పంపు మార్చేద్దామన్నాడు. అప్పుడు నా పాఠం అక్కరకొచ్చింది. ఆ లెక్కలు సముద్రం ఒడ్డున చెప్పినవి. అక్కడ గాలి ఒత్తిడి పాదరసం మీద ముప్పై అంగుళాలు. మా చిక్కబళ్లాపురం మూడు వేల అడుగుల ఎత్తులో ఉంది, ఇక్కడ ఉన్నదే ఇరవై ఆరున్నర చిల్లర. నంది కొండ మీదికి, 1478 మీటర్లకు ఎక్కితే ఇరవై ఐదే మిగులుతుంది. ఉన్న గాలంతా తోడేసినా గేజీ ఆ గీత దాటదు. తోడడానికి గాలే తక్కువైనప్పుడు పంపును తప్పుపట్టి ఏం లాభం? ఆదివారం పూట సూర్యోదయం చూడ్డానికి బెంగళూరు నుంచి ఎగబడి వచ్చే బండ్లన్నీ ఆ కొండ మీద కాస్త తక్కువ గాలితోనే నడుస్తాయి, తక్కువ గాలితోనే బ్రేకులు వేస్తాయి. ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ మద్రాసు లెక్క పట్టుకుని నందిలో బండి బాగుచేస్తే, లేని రోగానికి మందు వేసినట్టే.

అసలు రోగం దొరికిన తీరు ఇంకా తమాషా. మా బామ్మర్దికి ఒక విషయం తట్టింది. దిగి, తలుపు తాళం వేస్తే మాత్రం కాసేపటికి ఇంజను ఆగుతోందన్నాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడేమిట్రా అన్నాను. మేస్త్రి మాత్రం నవ్వలేదు. ఆ కారులో నాలుగు తలుపులూ ఒకేసారి తాళం పడేది కూడా వ్యాక్యూమ్‌తోనే. అదే పంపు, అదే గొట్టాల అల్లిక. తాళం వెయ్యడానికి ఒక గొట్టం, తియ్యడానికి ఒక గొట్టం. తీసే గొట్టంలో ఎక్కడో గాలి దూరుతోంది. తాళం తీసి ఉన్నంతసేపూ ఆ కన్నం గుండా గాలి లోపలికి పోయి, ఇంజనును ఆపాల్సిన వ్యాక్యూమ్‌ను తినేస్తోంది. తాళం వేయగానే ఆ గొట్టం సంబంధం తెగి, ఆడుతున్న ఇంజను తన వ్యాక్యూమ్ తాను కూడగట్టుకుని ఆగిపోతోంది. తలుపు తాళాలకు పోయే పసుపు గొట్టాలు ఊడదీసి మూతికి బిరడా కొట్టి చూస్తే, తాళంచెవి తిప్పగానే ఇంజను ఆగింది. వెనక తలుపు రేకు విప్పితే, గొట్టాన్ని గొట్టాన్ని కలిపే వేలెడంత రబ్బరు ముక్క ఎండి, పగిలి ఉంది. నలభై ఏళ్లు దాటిన రబ్బరు. ఆ వయసుకు ఎవరి కీళ్లయినా అంతే.

ఇదంతా అయ్యాక మేస్త్రి డబ్బుల సంగతి ఎత్తకుండా ముందు బ్రేకు తొక్కి చూశాడు. ఎందుకంటే బ్రేకును తేలిక చేసే బూస్టరుకూ అదే పంపు దిక్కు. మధ్యలో వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటుంది కాబట్టి తలుపులో చిన్న కన్నం బ్రేకును చెడగొట్టకపోవచ్చు. కానీ పంపే మూలనపడితే మొదటి కబురు ఇంజను ఆగకపోవడంగా రావచ్చు, రెండో కబురు నంది కొండ దిగేటప్పుడు మలుపులో పెడలు రాయిలా గట్టిపడటంగా రావచ్చు. ఆగని ఇంజనును చూసి విసుక్కుని ఎర్ర లివరుతో సరిపెట్టుకునేవాళ్లు ఈ రెండో కబురు గురించి ఆలోచించాలి. లివరుకు కూడా లొంగని రకం ఒకటుంది, అది వేరే పీడ. అరిగిన ఇంజను తన ఆయిలు తానే తాగి రెచ్చిపోతే డీజిల్ కట్టేసినా ఆగదు, గాలి మూతికి పలక అడ్డం పెట్టి ఊపిరి ఆపాల్సిందే. దాని జోలికి ఇక్కడ పోను.

నన్ను ఇంటికొచ్చాక కూడా వదలనిది ఇంకొకటి. ఆ కారును ఆపేది ఆ కారు పరుగే. ఇంజను తిరిగితేనే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితేనే ఆపే బలం పుడుతుంది. పరుగులోంచి కొంత తీసి, పరుగు మీదికే మళ్లించారు. ఎక్కడైనా కన్నం పడితే బండి ఆగకుండా ఆడుతూ ఉంటుంది తప్ప, నడిరోడ్డు మీద నిలబెట్టదు. తర్వాత వచ్చిన చాలా డీజిళ్లలో కరెంటు సోలినాయిడ్ పెట్టారు. అక్కడ లెక్క తలకిందులు. కరెంటు ఉన్నంతసేపే డీజిల్ పోతుంది, తీగ తెగితే బండి ఆగుతుంది. చెడితే ఆడుతూ ఉండాలా, చెడితే ఆగిపోవాలా అని రెండు మతాలు. రాత్రి పూట పిల్లా పాపలతో బాగేపల్లి దాటి పోతున్నవాడిని అడగండి, మొదటిదే మేలంటాడు. వాకిట్లో పసిపిల్ల నిద్రపోతున్న ఇంటివాడిని అడగండి, రెండోదంటాడు. నా ఓటు మొదటిదానికే, బానెట్ కింద ఎర్ర లివర్ ఉన్నంతవరకు.

తన బలంతోనే తనకు కళ్లెం వేసుకునే ఈ పద్ధతి మా సీమకు పరాయిది కాదు. నంది కొండ కిందనే ముద్దేనహళ్లి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఊరు. ఆంధ్రలోని మోక్షగుండం నుంచి వలసొచ్చిన తెలుగువాళ్ల కుటుంబం, చిన్నప్పటి చదువు చిక్కబళ్లాపురంలో. సెప్టెంబరు 15న దేశమంతా ఇంజనీర్ల దినం జరిపినప్పుడు కృష్ణరాజసాగరం పేరు చెప్పి దండ వేస్తారు. నన్నడిగితే అంతకంటే ముందు, 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన పెట్టిన ఆటోమేటిక్ గేట్ల పేరు చెప్పాలి. నీటి మట్టం గీత దాటితే ఆ నీటి బలానికే గేట్లు తెరుచుకుంటాయి, మట్టం తగ్గితే వాటంతటవే మూసుకుంటాయి. అర్ధరాత్రి వరదలో లాంతరు పట్టుకుని పరుగెత్తే మనిషి అక్కర్లేదు. ముంచే నీటి చేతనే కట్టను కాపాడించాడు.

ఆయన ఈ ఆలోచన ఎక్కడ నేర్చాడో పుస్తకాలు చూసి చెప్పే ఓపిక నాకు లేదు గానీ, ఇక్కడ పుట్టినవాడికి చెరువు కోడి, అంటే అలుగు, కొత్త కాదు. చెరువు నిండితే కట్ట పక్కన కోడి మీద నుంచి ఎక్కువ నీళ్లు తమంతట తామే పొర్లి కింది చెరువుకు పోతాయి. చెరువు కోడి పోయిందంటే ఊరికి పండగ. తూము తెరిచి మూసే పని నీరుగంటిది. ఎవరి మడికి ఎంతసేపో, ఎప్పుడు మూయాలో అతనికే తెలుసు. పెన్న, పాలారు, అర్కావతి, చిత్రావతి, పాపాఘ్ని ఈ కొండల చుట్టుపట్లే పుట్టి, పుట్టినింట చుక్క నిలపకుండా పోతాయి. అందుకే పెద్దవాళ్లు చెరువు మీద చెరువు గొలుసుకట్టి, నింపడం ఎంత ముఖ్యమో ఆపడం అంత ముఖ్యమని ఏర్పాటు చేసుకున్నారు.

తర్వాత బోర్లు వచ్చాయి. చింతామణి టమాటా, సిడ్లఘట్ట పట్టుకు మల్బరీ, చిక్కబళ్లాపురం ద్రాక్ష, గులాబీ అన్నీ బోరు నీళ్లే. వెయ్యి అడుగులు దాటి దించినా దుమ్మే లేచిన బోర్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. బెంగళూరు హెబ్బాళ, నాగవార మురుగును శుద్ధి చేసి మా చెరువులకు తోలాల్సినంత దూరం వచ్చింది కథ. త్రీఫేజు ఏ వేళ ఇస్తారో నమ్మకం లేదు కాబట్టి ప్రతి మోటారుకూ ఆటో స్టార్టరు. కరెంటు వస్తే దానంతటదే మొదలవుతుంది. రైతు నిద్ర చెడగొట్టకూడదని కనిపెట్టింది, మంచిదే. అయితే అది మొదలుపెట్టడమే తెలిసిన తెలివి. కారు పంపులా, ఖడక్‌వాస్లా గేటులా తన పరుగులోంచే తన కళ్లెం పుట్టించుకునే గుణం ఆ ఏర్పాటులో లేదు. కరెంటు పోతేనే ఆగాలి, లేదంటే మోటారు కాలిపోయి ఆగాలి.

ఈ మాటే కారు రిపేరైన సంబరంలో ఉన్న మా బామ్మర్దికి, అతని తోటలో స్టార్టరు పెట్టె దగ్గర నిలబడి చెప్పాను. దానికీ ఒక మందుంది బావా అని పెట్టె తెరిచి చూపించాడు. నీళ్లు లాగుతున్నంతసేపూ మోటారు ఒక లెక్కలో కరెంటు తాగుతుంది. నీళ్లైపోతే బరువు తగ్గి కరెంటూ తగ్గుతుంది. ఆ తగ్గుదలను పసిగట్టి మోటారును ఆపేసే చిన్న రిలే. సరిగ్గా నేను చెబుతున్న తెలివే, మోటారు పరుగే మోటారుకు కళ్లెం. నా మొహం వెలిగిపోయింది. అంతలో చూస్తే దాని రెండు కొసలనూ కలుపుతూ అడ్డంగా ఒక ఎర్రతీగ చుట్టి ఉంది. అది పనిచేయకుండా.

"ఇదేందిరా?" అన్నాను.

"అదుంటే గంటకు నాలుగుసార్లు ఆపుతుంది బావా. మళ్లా నీళ్లు ఊరేదాకా కాసుకోవాల. అంతలో కరెంటు పోతుంది. నేను ఆపినంతసేపూ పక్క తోటోడి మోటారు ఆగుతుందా? నా కిందుండే నీళ్లన్నీ వాడి బోరుకే పోతాయి." తలుపు మూసి చేతులు దులుపుకున్నాడు. "దీనికి గూడా మీ ముద్దేనహళ్లి ఆయన ఏదన్నా గేటు చేసిండాడేమో చూసి చెప్పు. నాకూ, పక్కోడికీ కలిపి ఒకే గేటు కావాల."